తొర్రూరు ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు

యాసంగి వడ్లు ఆరబోసిన రోజులు. తొర్రూరు పక్కన మా ఊళ్ళో, కొనుగోలు సెంటర్ దగ్గర, టార్పాలిన్ నీడలో కూర్చొని మా చిన్నమ్మ బిడ్డకి ఇంగ్లీషు పరీక్ష ప్రాక్టీసు చేయిస్తున్నాను. తను విదేశంలో పీజీ చదవాలనుకుంటోంది. మొదటిసారి రాసినప్పుడు మాట్లాడే భాగంలో కావాల్సినంత స్కోరు రాలేదు. ఫోన్లో నమూనా కార్డు తెరిచి చదివాను. ‘మీరు చూసిన ఒక మ్యూజియం గురించి చెప్పండి. ఎప్పుడు వెళ్ళారు, ఎవరితో వెళ్ళారు, ఏం చూశారు, అది ఎందుకు గుర్తుండిపోయింది?’ ఆలోచించుకోడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాలు.

“అన్నా, నేను మ్యూజియమే చూడలే” అన్నది.

“చూసినట్టు చెప్పు.”

“అబద్ధం చెప్తే మార్కులు పడ్తయా?”

పడతాయి. చెప్పింది నిజమా కాదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. తడబడకుండా చెప్పావా, మాటలు సరిపోయాయా, వ్యాకరణం నిలబడిందా, ఉచ్చారణ అర్థమైందా, ఇవే చూస్తారు. అదంతా తనకి చెబుతుంటే అటు కాంటా దగ్గర మా బాపు గొంతు లేచింది.

“మాయిశ్చర్ పదిహేడు పాయింట్ ఐదు అంటున్నరు. శాంపిల్ కుప్ప అడుగుకెల్లి తీసిన్రు. మీదికెల్లి, నడుమకెల్లి తీసి ఇంకోపారి రీడింగ్ వెట్టున్రి. ఇప్పుడు రిజెక్ట్ జేస్తే ఇయ్యాల ట్రక్ షీట్ల నా పేరు రాదు.”

తేమ 17 శాతం దాటితే వడ్లు కొనరు. మళ్ళీ ఆరబోయాలి. ఈలోపు వాన పడితే ఇక అంతే సంగతులు. మళ్ళీ రీడింగ్ పెట్టారు. పదిహేడు లోపే వచ్చింది. బాపు వచ్చి మా పక్కన కూర్చొని, చెల్లె చేతిలో ఫోను చూసి అన్నాడు. “నాకు ఇంగ్లీషు రాకపాయె. లేకుంటే నేను సుత నేర్పుతుంటి.”

మాయిశ్చర్, పాయింట్, శాంపిల్, రీడింగ్, రిజెక్ట్, ట్రక్ షీట్. నేను మనసులో లెక్కపెట్టుకున్నాను. ఆరు మాటలు వస్తే భాష వచ్చినట్టు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఆరు మాటలూ ఎక్కడ వాడాలో అక్కడ వాడి, వాడినందుకు ఫలితం సాధించుకొని వచ్చిన మనిషి తనకు ఇంగ్లీషు రాదంటున్నాడు. పదహారేళ్ళు ఇంగ్లీషులో చదివిన పిల్ల చూడని మ్యూజియం గురించి రెండు నిమిషాలు ఏం చెప్పాలో తెలియక తల పట్టుకుంది. పరీక్షకీ వాడుకకీ మధ్య ఈ ఎడం ఎప్పటిది?

*

తెలుగులో ఇంగ్లీషు పరీక్ష మీద నేను చదివినవాటిలో అతి గొప్ప ఘట్టం కన్యాశుల్కంలో ఉంది. మనం ఇవాళ చదువుకునే 1909 నాటి రూపంలో, పరీక్ష తప్పిన వెంకటేశాన్ని వెంటబెట్టుకొని గిరీశం అగ్రహారం చేరతాడు. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మకి ముచ్చట. ఇద్దరినీ ఒక్కసారి ఇంగ్లీషు మాట్లాడమంటుంది. గురువు పిల్లల పాట అందుకుంటాడు. శిష్యుడు క్షేత్రగణితంలో ఒక ముక్క అప్పజెబుతాడు. గురువు మరో పద్యం ముక్క విసిరితే శిష్యుడు వ్యాకరణ సూత్రం తిప్పికొడతాడు. ఈ మాటల అర్థమేమిటని కరటకశాస్త్రి అడిగితే, సెలవుల్లో ఏం చదవాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం నెట్టుకొస్తాడు.

ఆ సీన్ చదివి మనం వెంకమ్మ అమాయకత్వానికి నవ్వుకుంటాం. నాకు మాత్రం వెంకటేశం మీద జాలి కలుగుతుంది. వాడు కల్పించి ఏమీ చెప్పలేదు. బడిలో వాడికి ఇంగ్లీషు పేరుతో చెప్పింది అదే, అడిగింది కూడా అదే. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో మొదలయ్యాక మెట్రిక్యులేషన్ ఒక గుమ్మమైంది. గుమాస్తా ఉద్యోగమైనా, వకీలు చదువైనా ఆ దారినే. గుమ్మం దాటడానికి కంఠస్థం చాలితే కంఠస్థమే భాష అవుతుంది. వెంకమ్మ ముందు వాడు చూపించింది బడి పరీక్షలో అడిగే ఇంగ్లీషునే. కాకపోతే ఈసారి పరీక్ష పెట్టినది తల్లి గనక పాసయ్యాడు.

*

ఇది చదువు సంగతి. అదే కాలంలో తెలుగువాళ్ళు ఓడలెక్కి సముద్రాలు కూడా దాటుతున్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. వాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు. నేటాల్ చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళు. వాళ్ళని ఏ భాషా పరీక్షా అడగలేదు. చెరకు నరకడానికి ఇంగ్లీషు అక్కర్లేదు కదా.

తర్వాత సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కొని, వ్యాపారం చేసుకోడానికి వచ్చే భారతీయులు పెరిగారు. తెల్లవాళ్ళకి అది నచ్చలేదు. ‘భారతీయులు రాకూడదు’ అని చట్టంలో రాస్తే లండన్ ఒప్పుకోదు, అందరూ ఒకే సామ్రాజ్యపు ప్రజలు. 1897లో నేటాల్ ఒక ఉపాయం పన్నింది. వలస వచ్చేవాడు ఏదో ఒక యూరపు భాషలో అర్జీ రాయగలగాలి, రాయలేకపోతే ప్రవేశం లేదు. జాతి అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. ఒప్పందపు కూలీలకి ఈ నిబంధన అడ్డు కాలేదు. అంటే, తోటలో చెమటోడ్చేవాడికి భాషతో పని లేదు, దుకాణం పెట్టుకుందామని వచ్చేవాడికి మాత్రం ఉంది. గాంధీ అప్పుడు అక్కడే ఉన్నాడు, ఈ చట్టానికి వ్యతిరేకంగా అర్జీలు రాశాడు.

ఆ ఉపాయాన్ని 1901లో ఆస్ట్రేలియా అందిపుచ్చుకొని ఇంకా పదును పెట్టింది. యాభై మాటల డిక్టేషన్. ఏ యూరపు భాషలో చెప్పాలో అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి ఫ్రెంచిలో పెట్టొచ్చు, ఫ్రెంచి కూడా వస్తే ఇంకోటి. 1909 తర్వాత ఆ పరీక్షలో ఒక్కరూ పాస్ కాలేదు. 1934లో ఎగోన్ కిష్ అనే జర్నలిస్టుకి చాలా భాషలు వచ్చని తెలిసి స్కాటిష్ గేలిక్‌లో డిక్టేషన్ ఇచ్చారు. అది కోర్టు దాకా వెళ్ళి ప్రభుత్వం పరువు పోయింది. అయినా ఆ పరీక్ష 1958 దాకా నడిచింది.

ఇవాళ్టి పరీక్షలు ఇలాంటివని నేను అనను. తేడా చాలా ఉంది. కానీ వలసకి భాషా పరీక్ష అనే ఆలోచన పుట్టిన తీరు గుర్తుంచుకోవాలి. ఎవరికి భాష వచ్చో కనుక్కోవాలని కాదు, ఎవరు రాకూడదో ముందే నిర్ణయించుకొని, దానికి ఒక కారణం కావాలని పుట్టింది.

*

అసలు భాష ఎంత వచ్చో కొలుద్దామని నిజాయితీగా మొదలైనవీ ఉన్నాయి. 1913లో కేంబ్రిడ్జి వాళ్ళు విదేశీయుల కోసం ఒక ప్రావీణ్య పరీక్ష పెట్టారు. మొత్తం పన్నెండు గంటలు. అనువాదం, వ్యాకరణం, వ్యాసం, సాహిత్యం, ధ్వనిశాస్త్రం, డిక్టేషన్, పైకి చదవడం, సంభాషణ, అన్నీ ఉన్నాయి. మొదటి ఏడు రాసినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ ఫెయిల్.

మనవాళ్ళకి బాగా పరిచయమైన టోఫెల్ 1964లో వచ్చింది. చాలా ఏళ్ళపాటు అది జవాబుకి ఎదురుగా గడి నింపే పరీక్ష. అమెరికా వెళ్ళి తరగతిలో ప్రశ్న అడగాలి, ఇల్లు అద్దెకి వెతుక్కోవాలి, డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పాలి. కానీ టోఫెల్‌లో నోరు తెరిచే పని 2005లో ఇంటర్నెట్ పరీక్ష వచ్చేదాకా తప్పనిసరి కాదు. మాట్లాడే పరీక్ష విడిగా ఉండేది, అడిగిన చోటే రాయాలి. 80ల్లో, 90ల్లో ఇక్కణ్ణుంచి వెళ్ళిన ఎందరో ఇంజనీర్లు నోరు మెదపకుండానే ‘ఇంగ్లీషు వచ్చు’ అని నిరూపించుకొని వెళ్ళారు, వెళ్ళాక నేర్చుకున్నారు.

బ్రిటన్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1980లో అక్కడ ఈఎల్‌టీఎస్ అనే పరీక్ష మొదలైంది. దాని వెనక ఆలోచన మంచిది. డాక్టరు వాడే ఇంగ్లీషు వేరు, ఇంజనీరు వాడేది వేరు, సామాజిక శాస్త్రం చదివేవాళ్ళది వేరు. కాబట్టి ఎవరి రంగానికి తగ్గ పేపరు వాళ్ళకి. అది నడపడం కష్టమైంది. ఏ రంగం ఏ పేపరు కిందికి వస్తుంది, ఒక పేపరులో వచ్చిన స్కోరు ఇంకో పేపరు స్కోరుతో సమానమేనా, ఇన్ని పేపర్లు ఎవరు తయారుచేయాలి? 1989లో ఐఈఎల్‌టీఎస్‌గా మారినప్పుడు రంగాలు మూడుకి తగ్గాయి. 1995లో మూడూ కలిసి చదువుకునేవాళ్ళందరికీ ఒక్కటే అకడెమిక్ పేపరు అయింది. వాడుకకి దగ్గరగా వెళ్ళాలని చూశారు, కుదరక వెనక్కి వచ్చారు. ఇందులో కుట్ర ఏమీ లేదు. వాడుక అనేది ఎవరిది వాళ్ళకే, కొలత మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. ఈ రెండూ ఒక చోట ఇమడవు.

ఇమడని చోటు ఎక్కడో నాకు స్వయంగా తెలుసు. వినే భాగంలో రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. నేను బాగానే విన్నాను, మంచి స్కోరే వచ్చింది. తర్వాత స్కాట్లండ్‌లో మొదటి వారం బస్సెక్కితే డ్రైవరు ఏదో అడిగాడు. అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ కాలేదు. మూడోసారి వేళ్ళు చూపించి, ‘వెళ్ళడానికి మాత్రమేనా, రావడానికి కూడానా’ అని సైగ చేశాడు. ఇద్దరం నవ్వుకున్నాం, టికెట్టు చేతికొచ్చింది. పరీక్ష లెక్కలో అది నా ఓటమి. జీవితంలో మాట అంటే చాలావరకు అదే. ఎదుటివాడు మళ్ళీ చెబుతాడు, మనం మళ్ళీ అడుగుతాం, నడుమ చేతులు సాయం వస్తాయి. మా బాపు ‘ఇంకోపారి రీడింగ్ వెట్టున్రి’ అన్నట్టు, ‘ఇంకోసారి చెప్పండి’ అనగలగడమే భాషలో సగం. వినే పరీక్షలో ఆ వీలే లేదు.

*

మరి తొర్రూరు సంగతి? మద్రాసు మెట్రిక్యులేషన్ మా తాతల గుమ్మం కాదు. మాది నిజాం రాజ్యం, ఇక్కడి గుమ్మం ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలోనే చెప్పారు. దాని కోసం అనువాదాల శాఖే నడిపారు. ఇంగ్లీషు తప్పనిసరిగా చదవాల్సిన ఒక సబ్జెక్టు. మా తాత ఉర్దూలో అర్జీ రాయగలడు. చుట్టుపక్కల నాలుగూళ్ళ జనం కాగితం పని పడితే ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళట.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత్‌లో కలిసింది. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. కచేరీల్లో, బడుల్లో లెక్క మారింది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇక్కడ చాలినంత లేరన్న మాట మీద మద్రాసు రాష్ట్రపు జిల్లాల నుంచి ఉద్యోగులూ టీచర్లూ వచ్చారు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు 1919 నుంచీ ఉన్నా, దొంగ సర్టిఫికెట్లతో వాటిని దాటేస్తున్నారని కోపం రాజుకుంది. 1952లో వరంగల్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన హైదరాబాద్ చేరింది. సెప్టెంబరు 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చదువులో ముందున్న కోస్తావాళ్ళు తమని మింగేస్తారన్న తెలంగాణ భయాన్ని 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తన నివేదికలో నమోదు చేసింది. ముల్కీ ఉద్యమాన్ని మనం ఎప్పుడూ ఉద్యోగాల లెక్కలోనే చదువుతాం. ఇంగ్లీషు పరీక్షల చరిత్రలో కూడా దాన్ని చదవాలని నాకనిపిస్తుంది. మా తాత మారలేదు. ఆయన తెలివి తగ్గలేదు, రాయడం మర్చిపోలేదు. గుమ్మం మారింది. కొద్ది ఏళ్ళలోనే చదువుకున్న మనిషి కాస్తా చదువు లేనివాళ్ళలో జమ అయ్యాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషు కన్నా ముందు మా తరాలు తెలుగు పరీక్షలోనే దెబ్బ తిన్నాయి. ఇంట్లో ‘వచ్చిండు’ అనే పిల్ల పేపర్లో ‘వచ్చిండు’ అని రాస్తే ఎర్రగీత పడేది. బడి నేర్పే పలుకు వేరు, జనం నోట ఉన్న పలుకుబడి వేరని హనుమకొండలో కూర్చొని కాళోజీ మొత్తుకున్నది దీని గురించే. సొంత భాషలోనే నువ్వు మాట్లాడేది తప్పని విని పెరిగిన పిల్ల ఇంగ్లీషు ముందు నోరు విప్పదు. మా చెల్లెకి రాని స్కోరులో వ్యాకరణం పాలెంతో, ఈ బెదురు పాలెంతో ఏ పరీక్షా విడదీసి చెప్పలేదు.

పైగా ఆ నోరు విప్పించే పని బడిలో ఎప్పుడు జరిగింది గనక? పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు అంటే రాతపరీక్షే. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. నాకు ఆ ఎదురు పేజీ నచ్చింది. రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరగడమే ఇక్కడి అసలు వాడుక. పరీక్ష మాత్రం ఆ తిరుగుడుని తప్పుగానే చూస్తుంది.

*

ఇంత చెప్పాక ‘ఈ పరీక్షలు ఎత్తేయాలి’ అంటానని మీరు అనుకోవచ్చు. అనలేను.

పరీక్ష లేని రోజుల్లో ఏం జరిగేది? 60లలో ప్రామాణిక పరీక్షలు రాకముందు, బ్రిటన్ వెళ్ళే విద్యార్థిని బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ళు పిలిచి మాట్లాడి, తమకు తోచిన అంచనా రాసి పంపేవారు. ఆ గదిలో ఎవరు నెగ్గుతారు? కాన్వెంటులో చదివినవాళ్ళు, నాన్న క్లబ్బులో మెంబరైనవాళ్ళు. యంత్రంలాంటి పరీక్షకి మనిషి తెలియదు నిజమే. కులం, ఊరు, ఇంటిపేరు కూడా తెలియవు. తొర్రూరు పిల్లకీ హైదరాబాద్ పిల్లకీ ఒకటే గడియారం. ఇది చిన్న విషయం కాదు.

కానీ కాగితాన్ని మనిషి కన్నా ఎక్కువ నమ్మితే ఏమవుతుందో కూడా చూశాం. 2014లో బ్రిటన్‌లో వీసాల కోసం రాసే టోయిక్ పరీక్షలో మోసం జరుగుతోందని బీబీసీ బయటపెట్టింది. మోసం నిజమే, ఒకరి బదులు ఒకరు రాశారు. అయితే ఆ తర్వాత పరీక్ష నడిపిన సంస్థ పాత రికార్డింగులు విని, 2011 నుంచి 2014 దాకా అక్కడ జరిగిన సుమారు 58,000 పరీక్షల్లో 97 శాతం అనుమానాస్పదమని తేల్చింది. వేల మంది విద్యార్థుల వీసాలు పోయాయి. మా పరీక్ష మేమే రాశామని ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఇంగ్లీషు వచ్చా రాదా అన్నది ఎదురుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడితే తెలిసేది.

అందుకే నా గొడవ పరీక్షతో కాదు, దానికి మనం ఇచ్చిన పేరుతో. అది చెప్పగలిగింది చాలా చిన్న మాట. ఈ రోజు, ఈ గదిలో, ముఖపరిచయం లేని మనిషి ముందు, తనకి సంబంధం లేని విషయం మీద, ఈమె ఇంత మాట్లాడగలిగింది. అంతే. ఆ మాట చాలా చోట్ల పనికొస్తుంది. దాన్ని ‘ఈమెకి ఇంగ్లీషు ఇంత వచ్చు’ అని చదువుకుంటున్నాం, అక్కడ తేడా వస్తోంది. ఆ స్కోరు కూడా రెండేళ్ళకే చెల్లుతుంది. రెండేళ్ళు దాటితే వచ్చిన భాష పోతుందా అంటే ఎవరూ పోతుందనరు. మళ్ళీ ఫీజు మాత్రం కట్టాలి.

ఆ ఫీజు ఇవాళ 15,000 రూపాయల పైమాట. 2024-25లో గ్రేడ్-ఏ వడ్లకి మద్దతు ధర క్వింటాలుకి 2,320. అంటే ఒక్కసారి నోరు విప్పడానికి ఆరు క్వింటాళ్ళకి పైగా వడ్లు. చెల్లె రెండోసారి రాసే పరీక్ష ఫీజు ఆ రోజు కాంటా మీదికెక్కిన బస్తాల్లోనే ఉంది. బాపు అంత గట్టిగా రీడింగ్ కోసం కొట్లాడింది అందుకే.

మ్యూజియం కార్డు పక్కన పెట్టేశాను. “ఇందాక పెద్దబాపు సెంటర్‌వాళ్ళతో ఏం మాట్లాడిండో ఇంగ్లీషులో చెప్పు” అన్నాను. ఒక నిమిషం కూడా అడగలేదు. కుప్ప అడుగున తడి ఎందుకు నిలుస్తుందో, శాంపిల్ ఎక్కడ తీయాలో, అర పాయింటు తేడా వస్తే ఎన్ని రోజులు ఆగాలో, మొగులు పడితే గుండె ఎట్లా కొట్టుకుంటుందో చెప్పుకుంటూ పోయింది. కాలాలు రెండు మూడు చోట్ల తప్పాయి. ‘కుప్ప’ని ‘కుప్ప’ అనే అన్నది. గడియారం చూస్తే నాలుగు నిమిషాలు దాటింది.

బాపు శ్రద్ధగా విన్నాడు. అంతా అయిపోయాక అడిగాడు.

“మంచిగ చెప్పినవ్ బిడ్డా. గని మాయిశ్చర్‌ను ఇంగ్లీషుల ఏమంటరు?”

“మాయిశ్చరే అంటరు పెద్దబాపూ.”

బాపు నమ్మలేదు. నా వైపు చూశాడు.